ఇరవైమూడు ఎత్తులు

చదరంగం ఆడడం రానివారి నోట కూడా చదరంగపు మాటలు పలుకుతూనే ఉంటాయి. 'ఎత్తుకు పైఎత్తు వేశాడు' అంటాం. 'తెర వెనుక పావులు కదుపుతున్నాడు' అంటాం. 'దొంగల ఆట కట్టించారు' అని పత్రికలు రాస్తాయి. పావులతో ఆడే ఆటలే ఈ పలుకుబళ్ళకు పుట్టిల్లు. చదరంగం అనే పేరు 'చతురంగం' అనే సంస్కృత పదం నుంచి ఏర్పడింది. రథ గజ తురగ పదాతులు అనే నాలుగు అంగాలు గల సేన చతురంగం. ఆ సేనను బల్ల మీదికి తెచ్చిన ఆట మన దేశం నుంచి పారసీక దేశానికి, అక్కడినుంచి అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరింది. ఐరోపావారు మన మంత్రిని రాణిగా మార్చారు. పదిహేనవ శతాబ్దం చివర ఆ పావుకు నేడున్న అపారమైన బలాన్ని ఇచ్చారు. మనం మాత్రం నేటికీ దానిని మంత్రి అనే పిలుస్తున్నాం.

యుద్ధాన్ని పోలిన ఆట కనుక చదరంగంలో దాడి అనగానే మనకు ఆవేశం, సాహసం, శత్రుసంహారం స్ఫురిస్తాయి. ఎక్కువ పావులను పట్టినవాడే గెలుస్తాడని కొత్తగా ఆట నేర్చుకున్నవారు భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ ఎంతవరకు నిజమో పరీక్షించడానికి ఒక ప్రసిద్ధమైన ఆటను పరిశీలిద్దాం. 2013 జనవరి 15న నెదర్లాండ్స్‌లో విశ్వనాథన్ ఆనంద్ నల్ల పావులతో లెవాన్ ఆరోనియన్‌పై గెలిచిన ఆట అది. ఇరవైమూడు ఎత్తులలో అది ముగిసింది. ఓడిపోయిన క్షణంలో కూడా ఆరోనియన్ వద్ద పావుల బలం ఆనంద్ కంటే ఎక్కువగానే ఉంది. ఆ వింత ఎలా సంభవించిందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

బల్ల, పావులు, విలువలు

ఆటను అనుసరించడానికి కొన్ని సంకేతాలు అవసరం. చదరంగపు బల్లపై ఎనిమిది నిలువు వరుసలు ఉంటాయి. తెల్ల పావులతో ఆడేవారి ఎడమచేతి వైపు నుంచి వాటికి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. అడ్డు వరుసలకు తెల్ల పావుల వైపు నుంచి 1 మొదలు 8 వరకు అంకెలు. వరుస అక్షరాన్ని, అంకెను కలిపితే గడి పేరు వస్తుంది. డి వరుసలో నాలుగవ గడి డి4. ఆట ప్రారంభంలో తెల్ల రాజు ఇ1లోను, నల్ల రాజు ఇ8లోను ఉంటారు.

పావుల బలాన్ని స్థూలంగా అంకెలలో చెప్పడం ఆటగాళ్ళ సంప్రదాయం. బంటు విలువ 1. గుర్రానికి, శకటుకు దాదాపు 3 చొప్పున. ఏనుగుకు 5, మంత్రికి 9. శకటును కొన్ని చోట్ల ఒంటె అని కూడా అంటారు. అది ఐమూలగా మాత్రమే నడుస్తుంది. ఏనుగు నిలువుగాను, అడ్డంగాను నడుస్తుంది. మంత్రి ఈ రెండు విధాలా నడుస్తుంది. గుర్రం ఒక్కటే మధ్యలో ఉన్న పావులను దాటి దూకగలదు. రాజుకు వెల కట్టలేము. అతడు తప్పించుకోలేని విధంగా చిక్కుకుంటే ఆటకట్టు. ఈ అంకెలు లెక్కకు పనికివస్తాయి. కాని ఇవి పావుకు ఉండే సాధారణమైన విలువను తెలుపుతాయే గాని, ఒకానొక క్షణంలో ఒకానొక గడిలో దానికి ఉండే విలువను తెలుపవు. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయేది సులభంగా బోధపడుతుంది.

స్థలం, సందర్భం

ఉత్తర సముద్ర తీరంలో విక్ ఆన్ జీ అనే చిన్న గ్రామం ఉంది. ఆ పరిసరాలలోని ఉక్కు కర్మాగారం పోషణలో 1938లో మొదలైన చదరంగపు పోటీ 1968 నుంచి ఆ గ్రామంలోనే జరుగుతున్నది. 2013లో దాని ప్రధాన విభాగంలో పద్నాలుగు మంది ఆడారు. మన గుంటూరు వాసి, గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ వారిలో ఒకడు. నార్వే యువకుడు మాగ్నస్ కార్ల్‌సన్ మరొకడు. ఆనంద్, ఆరోనియన్ నాలుగవ రౌండులో ఎదురుపడ్డారు.

ఆనంద్ 1969లో తమిళనాడులో జన్మించాడు. 1988లో భారతదేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2007 నుంచి ప్రపంచ విజేతగా నిలిచాడు. 2012 మే నెలలో మాస్కోలో బోరిస్ గెల్ఫాండ్‌తో తలపడి, పన్నెండు ఆటలు సమానంగా ముగిసిన తరువాత వేగవంతమైన ఆటలలో గెలిచి కిరీటాన్ని నిలుపుకొన్నాడు. అయినా ఆ రెండేళ్ళలో ఇతర పోటీలలో ఆయన ఫలితాలు ఆయన స్థాయికి తగినట్లు లేవు. నలభైమూడేళ్ళ వయస్సులో ఆయన పదును తగ్గిందనే మాటలు వినిపించసాగాయి. ఎదుట కూర్చున్న ఆరోనియన్ అప్పుడు ఆర్మేనియా తరఫున ఆడేవాడు. ముప్పైయేళ్ళవాడు. ప్రపంచంలో అగ్రశ్రేణి ఆటగాళ్ళలో ఒకడు. పైగా మొదటి ఎత్తు హక్కు ఉన్న తెల్ల పావులు ఆయనవి.

మంత్రి బంటుతో ఆరంభం

ఆరోనియన్ మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు జరిపి, డి4తో ఆట ప్రారంభించాడు. రాజు ముందరి బంటుతో మొదలయ్యే ఆటలు త్వరగా బహిరంగ యుద్ధానికి దారితీస్తాయని, మంత్రి బంటుతో మొదలయ్యేవి నెమ్మదిగా సాగుతాయని ఒక సాధారణమైన నమ్మకం. ఈ ఆట మొదటి పదకొండు ఎత్తులు ఆ నమ్మకానికి తగినట్లే ఉన్నాయి. బల్ల దగ్గర ఉంచుకొని చదివేవారి కోసం వాటిని వరుసగా ఇస్తున్నాము. ప్రతి జంటలో మొదటిది తెల్ల పావులది, రెండవది నల్ల పావులది. పావు పేరు చెప్పని చోట బంటు కదిలిందని అర్థం.

1. డి4 – డి5. 2. సి4 – సి6. 3. గుర్రం ఎఫ్3 – గుర్రం ఎఫ్6. 4. గుర్రం సి3 – ఇ6. 5. ఇ3 – రెండవ గుర్రం డి7. 6. శకటు డి3 – డి5 బంటు సి4 బంటును పట్టింది. 7. శకటు సి4లో బంటును పట్టింది – బి5. 8. శకటు తిరిగి డి3 – శకటు డి6. 9. ఇరువురూ రాజును హెచ్ వరుస వైపు కోటలో చేర్చారు. 10. మంత్రి సి2 – శకటు బి7. 11. ఎ3 – ఏనుగు సి8.

ఈ మార్గానికి 'మెరాన్ పద్ధతి' అని పేరు. ఇటలీలోని మెరానో పట్టణంలో 1924లో జరిగిన పోటీలో ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్‌పై అకీబా రూబిన్‌స్టీన్ ఈ విధంగా ఆడి గెలిచాడు. ఊరి పేరే పద్ధతికి స్థిరపడింది. రూబిన్‌స్టీన్ పేరును గుర్తుంచుకోవాలి. ఈ పాఠంలో ఆయన మరొకసారి కనిపిస్తాడు.

ఈ పద్ధతిలోని ముఖ్యమైన భావన ఒక్కటే. బి7లో నిలిచిన నల్ల శకటు ఐమూలగా సి6, డి5, ఇ4, ఎఫ్3 గళ్ళ మీదుగా జి2 వైపు చూస్తున్నది. జి2 తెల్ల రాజు ముంగిట ఉన్న బంటు స్థానం. కాని ఆ దారిలో మొదటి గడిలోనే తన సి6 బంటు అడ్డుగా నిలిచి ఉంది. ఆ బంటు సి5కు జరిగితే శకటుకు కళ్ళు తెరుచుకుంటాయి. ఆనంద్ ఏనుగును సి8కి తెచ్చింది ఆ అదను కోసమే.

ఎర

పన్నెండవ ఎత్తులో ఆరోనియన్ గుర్రాన్ని జి5కు దూకించాడు. ఇప్పుడు ఆయన గుర్రం, డి3లోని శకటు, దాని వెనుక సి2లోని మంత్రి, ఈ మూడూ నల్ల రాజు ముందున్న హెచ్7 బంటుపై గురిపెట్టాయి. సాధారణమైన ఆటగాడు ఇక్కడ వెంటనే ఆ బంటును కాపాడుకుంటాడు. ఆనంద్ కాపాడలేదు. తాను ముందే తలచిన సి5ను ఆడాడు. ఒక బంటును వదులుకుని శకటు దారిని తెరిచాడు.

పదమూడవ ఎత్తులో తెల్ల గుర్రం హెచ్7లో బంటును పట్టింది. అక్కడినుంచి ఎఫ్8లోని ఏనుగును కూడా బెదిరించింది. ఆనంద్ ఆ ఏనుగును కూడా జరపలేదు. ఎఫ్6లోని గుర్రాన్ని జి4కు పంపాడు. ఆ గుర్రం, డి6లోని శకటు కలిసి తెల్ల రాజు ప్రక్కనున్న హెచ్2 గడిపై దృష్టి నిలిపాయి. ప్రమాదాన్ని గ్రహించిన ఆరోనియన్ పద్నాలుగవ ఎత్తుగా ఎఫ్4 ఆడి, శకటు దారికి అడ్డుగోడ కట్టాడు.

ప్రతి గోడకూ ఒక వెల ఉంటుంది. ఎఫ్2లో ఉన్న బంటు ముందుకు కదలడంతో జి1లోని రాజు వైపు వచ్చే మరో ఐమూల దారి బలహీనమయింది. ఆనంద్ సి5 బంటుతో డి4 బంటును పట్టాడు. ఆరోనియన్ ఇ3 బంటుతో తిరిగి పట్టాడు. పదిహేనవ ఎత్తులో నల్ల శకటు మూసిన దారిని విడిచి, సి5కు తరలి తెరిచిన దారిని అందుకొంది. డి4లోని తెల్ల బంటు ఆ శకటును పట్టవచ్చు. కాని పడితే డి7లోని గుర్రం సి5లో తిరిగి పట్టుకుంటుంది. అప్పుడు డి వరుస నల్ల మంత్రికి రాచబాట అవుతుంది. డి3లోని తెల్ల శకటు ఒకే సమయంలో ఆ గుర్రానికి, మంత్రికి చిక్కుతుంది. ఆరోనియన్ అందుకు సిద్ధపడలేదు. పదహారవ ఎత్తులో శకటును ఇ2కు తగ్గించి జి4 గుర్రాన్ని బెదిరించాడు.

నాలుగు పావులు, ఒక్క ఎత్తు

ఇప్పుడు బల్లను ఒకసారి పరికించాలి. నల్ల పావులలో ఎఫ్8 ఏనుగును తెల్ల గుర్రం పట్టవచ్చు. సి5 శకటును బంటు పట్టవచ్చు. జి4 గుర్రాన్ని శకటు పట్టవచ్చు. మూడు పావులు అపాయంలో ఉన్నాయి. అటువంటి సమయంలో మనలో ఎవరైనా ఏదో ఒకదానిని రక్షించుకునే ప్రయత్నం చేస్తారు. ఆనంద్ డి7లోని రెండవ గుర్రాన్ని ఇ5కు తెచ్చి, నాలుగవ పావును కూడా అపాయంలో నిలిపాడు. ఇ5 గుర్రాన్ని పట్టడానికి రెండు తెల్ల బంట్లు సిద్ధంగా ఉన్నాయి.

ఇది పిచ్చిసాహసం కాదు. డి7 నుంచి గుర్రం లేవడంతో నల్ల మంత్రికి డి వరుసలో దారి తెరుచుకుంది. ఎఫ్4 బంటు ఇ5 గుర్రాన్ని పట్టిందనుకుందాం. మంత్రి డి4లో బంటును పట్టి రాజుకు చెక్ చెబుతుంది. రాజు హెచ్1 మూలకు తప్పుకుంటే, మంత్రి ఏకంగా జి1లోకి వచ్చి కూర్చుంటుంది. సి5లోని శకటు అండ ఉన్నందున రాజు దానిని పట్టలేడు. ఏనుగు పట్టక తప్పదు. పట్టిన వెంటనే జి4 గుర్రం ఎఫ్2కు దూకుతుంది. రాజుకు ఒక ప్రక్క తన ఏనుగు, ముందు తన బంట్లు. తన పరివారమే గోడలై నిలువగా కదలడానికి ఒక్క గడి లేక ఆట కట్టిపోతుంది. మంత్రిని అర్పించి గుర్రంతో గెలిచే ఈ చమత్కారం ఆ ఒక్క ఎత్తులో దాగి ఉంది.

ఆరోనియన్ ఆ వలలో పడలేదు. పదిహేడవ ఎత్తులో ఇ2 శకటుతో జి4 గుర్రాన్ని పట్టాడు. సి5 శకటు డి4లో బంటును పట్టి చెక్ చెప్పింది. రాజు హెచ్1కు వెళ్ళాడు. ఇ5 గుర్రం జి4లో తెల్ల శకటును పట్టి, చనిపోయిన తోటి గుర్రం స్థానంలోనే నిలిచింది. పందొమ్మిదవ ఎత్తులో తెల్ల గుర్రం ఎఫ్8లో ఏనుగును పట్టింది. ఇప్పుడు లెక్కిస్తే ఇరువైపులా పట్టుబడిన బంట్లు మూడేసి. ఒక గుర్రానికి బదులుగా ఒక శకటు. ఆపైన తెల్ల పావుల వైపు ఒక నిండు ఏనుగు అధికం.

నిదానమే ప్రధానం

ఎఫ్8లో నిలిచిన ఆ గుర్రాన్ని నల్ల రాజు పట్టవచ్చు, మంత్రి కూడా పట్టవచ్చు. పోగొట్టుకున్నదానిని కొంతైనా రాబట్టుకోవాలనే ఆశ సహజం. ఈ ఆటలో అత్యంత ప్రశంసనీయమైన ఘట్టం బహుశా ఇదే. ఆనంద్ ఆ గుర్రాన్ని ముట్టుకోలేదు. ఎఫ్7లోని బంటును ఎఫ్5కు జరిపాడు.

పైకి ఎంతో నెమ్మదిగా కనిపించే ఈ ఎత్తు రెండు పనులు చేసింది. జి4లోని గుర్రానికి గట్టి అండ ఏర్పడింది. సి2లోని తెల్ల మంత్రి హెచ్7 వైపు రాగల ఐమూల దారి మూసుకుపోయింది. ప్రత్యర్థి ఎదురుదాడికి తలుపులు మూసిన తరువాత నల్ల మంత్రి హెచ్4కు వచ్చి హెచ్2 వద్ద ఆట కట్టించడమే మిగిలింది. ఎఫ్8లోని తెల్ల గుర్రం ఎక్కడికి పోతుంది? దానిని పట్టడానికి తొందర లేదు. రాజును చుట్టుముట్టడానికి మాత్రం ఒక్క క్షణం కూడా వృథా చేయరాదు. ఏది ఆగుతుందో, ఏది ఆగదో తెలియడమే ఇక్కడ వివేకం.

ఇరవయ్యవ ఎత్తులో ఆరోనియన్ గుర్రాన్ని జి6కు తెచ్చి, హెచ్4 గడికి కాపలా పెట్టాడు. నల్ల మంత్రి ఎఫ్6కు వచ్చి ఆ గుర్రాన్ని బెదిరిస్తూ హెచ్6 వైపు చూసింది. తెల్ల బంటు హెచ్3కు జరిగి జి4 గుర్రాన్ని ప్రశ్నించింది. నల్ల మంత్రి జి6లో గుర్రాన్ని పట్టింది. తన గుర్రం పోతే పోనిమ్మంది. నిజంగా హెచ్3 బంటు జి4 గుర్రాన్ని పడితే, హెచ్ వరుస తెరుచుకుని నల్ల మంత్రి హెచ్6 నుంచి ఒకే ఎత్తులో ఆట కట్టిస్తుంది. డి4లోని శకటు జి1 గడిని ఏలుతున్నందున రాజుకు పారిపోయే దారి లేదు.

ఇరవైరెండవ ఎత్తులో తెల్ల మంత్రి ఇ2కు వచ్చింది. నల్ల మంత్రి హెచ్5కు జరిగింది. హెచ్3 బంటుపై ఇక నేరుగా దాడి. ఆ బంటు పోతే రక్షణ లేదు. జి2 బంటు తిరిగి పట్టబోదామంటే, బి7లోని శకటు దూరం నుంచి దాని కాలికి సంకెల వేసి ఉంచింది. అది కదిలితే రాజు ఆ శకటుకు ఎదురవుతాడు. పది ఎత్తుల క్రితం ఒక బంటును వదులుకుని తెరిచిన దారి ఇప్పుడు ఫలించింది. ఇరవైమూడవ ఎత్తులో ఆరోనియన్ మంత్రిని డి3కి తెచ్చి, అడ్డు వరుస మీదుగా హెచ్3 బంటుకు రక్షణ కల్పించాడు. డి4లోని శకటును కూడా బెదిరించాడు.

ఆనంద్ ఆ శకటును ఒక్క గడి జరిపి ఇ3లో ఉంచాడు. మంత్రికి, బంటుకు మధ్య అడ్డుగోడ లేచింది. తెల్ల శకటు దానిని పడితే, నల్ల మంత్రి హెచ్3లో బంటును పట్టి చెక్ చెప్పి, మరుసటి ఎత్తులో జి2లో ఆట కట్టిస్తుంది. తెల్ల మంత్రి దానిని పడితే, జి4 గుర్రం మంత్రినే పట్టుకుపోతుంది. పట్టకుండా ఊరుకుంటే, హెచ్3లోనే ఆటకట్టు. ఆరోనియన్ ఓటమిని అంగీకరించాడు.

లెక్కలోని రహస్యం

ఆట ముగిసేసరికి ఇరువైపులా అయిదేసి బంట్లు, ఒక్కొక్క మంత్రి, ఒక్కొక్క గుర్రం మిగిలాయి. తెల్ల పావుల వైపు రెండు ఏనుగులు, ఒక శకటు. నల్ల పావుల వైపు ఒక ఏనుగు, రెండు శకట్లు. అంకెలను బట్టి తెలుపుదే పైచేయి. మరి ఓటమి ఎందుకు?

తెల్ల పావులు వేసిన ఇరవైమూడు ఎత్తులను విభజించి చూస్తే సమాధానం దొరుకుతుంది. ఒకే గుర్రం ఎఫ్3, జి5, హెచ్7, ఎఫ్8, జి6 అని అయిదు ఎత్తులు తీసుకుంది. ఒకే శకటు డి3, సి4, మళ్ళీ డి3, ఇ2, జి4 అని మరో అయిదు ఎత్తులు తీసుకుంది. పది ఎత్తులు ఈ రెండు పావులకే ఖర్చయ్యాయి. చివరకు ఆ రెండూ బల్ల మీద మిగలలేదు. మరోవైపు ఎ1లోని ఏనుగు, సి1లోని శకటు ఆట ఆసాంతం ఒక్క అడుగు కూడా వేయలేదు. అవి లెక్కలో ఉన్నాయి, యుద్ధంలో లేవు. నల్ల పావులలో సి8లోని ఏనుగు ఒక్కటే ప్రక్కన నిలిచింది. మంత్రి, గుర్రం, రెండు శకట్లు నాలుగు దిక్కుల నుంచి రాజును చుట్టుముట్టాయి.

శత్రువ్యూహంలోకి ఒంటరిగా చొచ్చుకుపోయిన ఆ తెల్ల గుర్రాన్ని చూస్తే మనకు పద్మవ్యూహంలో ప్రవేశించిన అభిమన్యుడు గుర్తుకు రావచ్చు. లోపలికి వెళ్ళడం తెలుసు, వెలుపలికి రావడం తెలియదు. వెంట రావలసిన సేన వెనుకనే ఆగిపోయింది. పోలిక అంతవరకే. అభిమన్యుడు పెద్దల కోరికపై, తన పక్షాన్ని కాపాడడానికి వెళ్ళాడు. ఈ గుర్రం ఒక బంటు కోసం, ఒక ఏనుగు కోసం వెళ్ళింది.

కాబట్టి దాడి అంటే ఆవేశం కాదు. కావలసిన సమయంలో, కావలసిన చోట ప్రత్యర్థి కంటే ఎక్కువ పావులను సమకూర్చుకోవడమే దాడి. త్యాగం అంటే చేజార్చుకోవడం కాదు. పావును ఇచ్చి కాలాన్ని కొనుక్కోవడం. తెల్ల పావులు ఒక్కొక్కదానిని పడుతున్న ప్రతిసారీ ఒక ఎత్తు ఖర్చు చేశాయి. నల్ల పావులు అదే ఎత్తును రాజును సమీపించడానికి ఉపయోగించాయి.

జ్ఞాపకం, అవగాహన

ఈ ఆట వెనుక మరొక కథ ఉంది. ఇ5 గుర్రపు ఎత్తు ఆనంద్‌కు ఆ రోజు అప్పటికప్పుడు మెరుపులా తోచినది కాదు. 2012లో గెల్ఫాండ్‌తో పోటీకి సిద్ధమవుతూ తన సహాయకులతో కలిసి ఆయన పరిశోధించి ఉంచుకున్నది. ఆ పోటీలో దానిని ప్రయోగించే అవకాశం రాలేదు. నెలల తరువాత, వేరొక దేశంలో, వేరొక ప్రత్యర్థి ఎదుట ఆ స్థితి బల్లపై ప్రత్యక్షమయింది. అయితే తాను చేసిన విశ్లేషణ అంతా ఆయనకు పూర్తిగా జ్ఞాపకం లేదు. ఆ సంగతిని ఆయనే చెప్పాడు. ఆలోచన గుర్తుంది. వివరాలను బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ లెక్కించుకోవలసి వచ్చింది.

విద్యార్థులు ఈ విషయాన్ని శ్రద్ధగా గమనించాలి. కంఠస్థం చేసినది మరచిపోతే ఏమీ మిగలదు. అర్థం చేసుకుని నేర్చినది మరచిపోయినా, దానిని తిరిగి నిర్మించుకోవచ్చు. ఏ శకటు ఏ దారిని కాయాలో, ఏ గడి బలహీనమో, ఎందుకు ఆగాలో ఆనంద్‌కు తెలుసు. అందుచేతనే మరచిన ఎత్తులు మళ్ళీ చేతికి వచ్చాయి. వాడుకలోకి రాలేదని అనుకున్న శ్రమ కూడా వ్యర్థం కాలేదు.

ఇక్కడే రూబిన్‌స్టీన్ మళ్ళీ కనిపిస్తాడు. 1907లో, నేటి పోలండ్‌లోని లోడ్జ్ నగరంలో, రోట్లెవి అనే ఆటగాడిపై ఆయన నల్ల పావులతో గెలిచిన ఆట 'రూబిన్‌స్టీన్ అమరక్రీడ'గా ప్రసిద్ధి పొందింది. అది కూడా మంత్రి బంటుతో మొదలైన ఆటే. అందులోనూ తెల్ల రాజు హెచ్1 మూలలో, నల్ల గుర్రం జి4లో, ఒక నల్ల శకటు బి7లో ఉన్నాయి. రెండవ శకటు జి1 వైపు సాగే దారిని కాచి ఉంది. రూబిన్‌స్టీన్ మంత్రినే అర్పించి ఇరవైఅయిదవ ఎత్తులో గెలిచాడు. ఆనంద్ విజయాన్ని చూసిన వ్యాఖ్యాతలు వెంటనే ఆ ఆటను స్మరించారు. రెండింటిలో ఎత్తులు వేరు, నిర్మాణం ఒక్కటే. మన కావ్యాలలో ఒక కవి భావాన్ని తరువాతి కవి గ్రహించి, తన ప్రతిభతో క్రొత్త రూపం ఇవ్వడం తెలిసిన సంగతే. దానిని మనం అనుకరణ అనము, సంప్రదాయం అంటాము. చదరంగంలోనూ అటువంటి సంప్రదాయం ఉంది.

ఈ విజయంతో ఆనంద్‌కు ఆ పోటీలో ప్రథమస్థానం లభించలేదు. అది కార్ల్‌సన్‌కు దక్కింది. అదే సంవత్సరం నవంబరులో చెన్నైలో జరిగిన పోరులో ప్రపంచ కిరీటం కూడా కార్ల్‌సన్‌కే చేరింది. కిరీటాలు చేతులు మారుతాయి. మంచి ఆట మాత్రం ఆడినవారి పేరుతోనే నిలుస్తుంది. పదును తగ్గిందన్న మాటకు ఆనంద్ చెప్పిన సమాధానం ఆ ఇరవైమూడు ఎత్తులలో భద్రంగా ఉంది.

వీలయితే ఒక బల్లను ముందుంచుకుని ఈ ఆటను మీరే ఆడి చూడండి. పదహారవ ఎత్తు దగ్గర కొంతసేపు ఆగండి. నాలుగు నల్ల పావులు పట్టుకోవడానికి సిద్ధంగా కనిపిస్తాయి. తెల్ల పావుల వైపు కూర్చుని, వాటిలో దేనిని పడితే ఏమవుతుందో ఒక్కొక్కటిగా ఆలోచించండి. చేయి చాచడానికి ముందు ఆలోచించడం అక్కడ అలవాటయితే, ఈ ఆట మీకు చదరంగం కంటే కొంచెం ఎక్కువే నేర్పినట్లు.